ల్యాంప్ రూం బిళ్లలు, సర్దార్ కర్ర: ఇల్లందులో మా రెండు గదుల బొగ్గు బాయి మ్యూజియం

మొన్న దసరాకి ఇల్లందులో మేం పెట్టుకున్న బొగ్గు బాయి (గని) మ్యూజియంకి మూడేళ్లు నిండాయి. మ్యూజియం అంటే పెద్ద బిల్డింగ్ ఏం కాదు, రెండు గదులు, ముందు ఒక రేకుల షెడ్డు, రిటైరైన కార్మికులు తలా కొంత వేసుకుని నడుపుకుంటున్నారు, వస్తువులన్నీ వాళ్ల అటకల మీంచి, పెరట్లోంచి వచ్చినవే. నేను హైదరాబాద్‌లో పాత వస్తువులు, పాత కాగితాలు పాడవకుండా చూసే పని చేస్తాను, మా నాన్న బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు ఎత్తిపోసే పనిలో చేరి, బొగ్గు టబ్బుల్ని (పట్టాల మీద నడిచే చిన్న ఇనుప బండ్లు) తాడుతో లాగే హాలర్ మెషిన్‌కి డ్రైవర్‌గా రిటైరయ్యారు, అందుకే "నువ్వే చూస్కో బిడ్డా" అని ఈ పని నా మీద పెట్టారు. ఇప్పుడు బెల్లంపల్లి, మందమర్రి వైపు నుంచి కూడా కొందరు ఫోన్లు చేసి ఎలా పెట్టారు, ఏం ఏం కావాలి అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ చెప్పే బదులు మేం చేసిన తప్పులతో సహా మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం. ఇల్లందుని పాతవాళ్లు బొగ్గుట్ట అంటారు. భద్రాచలం నడిచి వెళ్లే భక్తులు ఇక్కడ ఆగి రాళ్లతో పొయ్యి పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయని మా ఊళ్లో ప్రతి ముసలాయనా చెప్పే కథ. రికార్డుల్లో ఉన్నదైతే, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు, ఒక బొగ్గు పొరని ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ అని ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో పని మొదలైంది, డోర్నకల్ నుంచి రైలు పట్టాలు ఈ బొగ్గు కోసమే ఇటు తిరిగాయి. తర్వాత 1920 డిసెంబర్ 23న కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది, కారేపల్లి దగ్గరి సింగరేణి ఊరి పేరు అది, ఇప్పటికీ డిసెంబర్ 23నే సింగరేణి డే చేస్తారు. 1945లో ఎక్కువ షేర్లు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఆఫీసు కొత్తగూడెంలో ఉంటుంది, బొగ్గు ఇప్పుడు ఎక్కువగా గోదావరి ఒడ్డు ఏరియాల్లో వస్తుంది, కానీ పుట్టిల్లు మాత్రం మాదే. పాత అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాక, బాయిలోకి దిగి పనిచేసినవాళ్లు ఊళ్లో తగ్గిపోతూ వచ్చారు. మేం మొదలుపెట్టడానికి కారణం అదే, వస్తువులు పోతున్నాయని కాదు, ఆ వస్తువు పట్టుకుని చెప్పేవాళ్లు పోతున్నారని. ఇది మాకు మొదట్లో తెలియలేదు, వస్తువులే ముఖ్యం అనుకున్నాం, మేం చేసిన తప్పులన్నీ దాంట్లోంచే వచ్చాయి.

మొదటి తప్పు బిళ్లలు. ల్యాంప్ రూం పద్ధతి ఎలా ఉండేదంటే, ప్రతి కార్మికుడికీ ఒక ఇత్తడి బిళ్ల, దాని మీద నంబరు గుద్ది ఉంటుంది, షిఫ్ట్‌కి వెళ్లేటప్పుడు బిళ్ల ఇచ్చి క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు, ఆ బిళ్ల బోర్డు మీద మేకుకి వేలాడుతుంది, పైకి వచ్చాక ల్యాంప్ ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. అంటే షిఫ్ట్ అయిపోయాక బోర్డు మీద ఒక బిళ్ల ఇంకా వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నాడని. ఇంత బరువున్న వస్తువు అది. ఒక సంచి నిండా బిళ్లలు వచ్చాయి మాకు, ఓపెనింగ్ రేపనగా మా కుర్రాళ్లు ముగ్గురు రాత్రంతా కూర్చుని చింతపండు వేసి, పీతాంబరి పెట్టి తోమి తళతళా మెరిపించారు. నేను పొద్దున వచ్చి చూస్తే కొన్ని బిళ్లలు గులాబీ రంగులోకి తిరిగాయి. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిపింది, పులుపు ఎక్కువసేపు తగిలితే పైనున్న జింక్ కరిగిపోయి రాగి మిగులుతుంది, ఆ రంగు మళ్లీ వెనక్కి రాదు. రంగు పోతే పోయింది, అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఓపెనింగ్ రోజు ల్యాంప్ రూంలో చేసిన ఒక కాక వచ్చి బిళ్ల తిప్పి చూసి "దీని వెనకాల గీతలుండాలె కదా" అన్నాడు. చదువు రాని ఫిల్లర్లు తమ బిళ్ల చీకట్లో కూడా చేతికి తెలియాలని మేకుతో గీతలు గీసుకునేవాళ్లట, ఒకరికి రెండు అడ్డగీతలు, ఒకరికి ముగ్గు లాంటి గుర్తు. మేం అవి తుప్పు గీతలనుకుని తోమేశాం. సంచిలో అడుగున పడిపోయి చింతపండు తగలకుండా మిగిలిన బిళ్లల మీద ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి, అవి చూస్తుంటే ఇప్పటికీ నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది. ఆ కుర్రాళ్లని ఒక్క మాట అనలేదు నేను, చెప్పాల్సిన పని నాది, వస్తువు చేతికి రాగానే తోమొద్దు, కడగొద్దు, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము మాత్రం దులపండి అని మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాల్సింది నేను.

దీని తర్వాత ఒక రూల్ పెట్టుకున్నాం. వస్తువు లోపలికి వచ్చాక దాన్ని వాడిన మనిషి చేతిలో పెట్టి, ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు విన్నాకే మిగతా పని, క్లీనింగ్ అయినా లేబుల్ అయినా. ఈ రూల్ వల్ల మాకు జరిగిన మేలు చెప్పాలంటే సర్దార్ కర్ర ఒక్కటి చాలు.

ఒక పొడుగాటి కర్ర వచ్చింది, నున్నగా అరిగిపోయి, కొసకి ఇనుప పొన్ను. తెచ్చిచ్చిన అబ్బాయికి వాళ్ల తాతది అని తప్ప ఇంకేం తెలీదు, మేం "చేతికర్ర" అని లేబుల్ రాసి తలుపు పక్కన పెట్టాం. ఒకరోజు మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరైన ఇంకో కాక దాన్ని చూసి నవ్వి, తీసుకుని, గదిలోకి నడిచి స్లాబు కింద నిలబడి పైకి కొట్టి చూపించాడు. బాయిలో సర్దార్ ముందు వెళ్లి రూఫ్‌ని కర్రతో కొట్టి వింటాడు, గట్టి రాయైతే ఠంగుమని మోగుతుంది, లోపల పగులు పడి పొర విడిపోయి ఉంటే డొల్లగా, కుండ మీద కొట్టినట్టు వస్తుంది, ఆ డొల్ల శబ్దం వస్తే అక్కడ పని ఆపేసి రూఫ్‌కి సపోర్ట్ పెట్టాకే ఫిల్లర్లని రానిస్తారు. "రెండో చెయ్యి కూడ పైన పెట్టాలె, కొట్టినప్పుడు వణికితే చేతికి తెలుస్తది" అని కూడా చెప్పాడు. గాజు పెట్టెలో పెట్టిన కర్రకి ఇదంతా ఎక్కడ రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ కర్ర పక్కన రెండు రాతి పలకలు పెట్టాం, ఒకటి గట్టిది, ఒకటి అడుగున ఖాళీ వదిలి బిగించింది, పిల్లలు చిన్న చెక్కముక్కతో కొట్టి తేడా వింటారు, అసలు కర్రని మాత్రం ఎవరూ వాడరు. మా మ్యూజియంలో జనం ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

తట్టాచెమ్మస్ కూడా అంతే. ఇప్పటి పిల్లలకి సింగరేణి అంటే పెద్ద పెద్ద డంపర్లు, అంతకుముందు కింద బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ మెషిన్లు, దానికీ ముందు మనిషే చెమ్మస్‌తో (పారతో) బొగ్గు ఎత్తి తట్టలో పోసి, తట్ట మోసి టబ్బులో కుమ్మరించేవాడు. మేం కొత్త తట్ట కొని పెడదాం అనుకున్నాం, పాతది దొరకదు కదా అని. ఒక పెద్దమ్మ వాళ్ల ఇంట్లో కోళ్లు కప్పడానికి వాడుతున్న తట్ట తెచ్చిచ్చింది, అంచు ఒకవైపే అరిగి ఉంది. ఎందుకు ఒకవైపే అంటే ఆమె భర్త కుడి భుజానికి ఆనించి మోసేవాడు కాబట్టి. ఆ అరుగుదల కొత్త తట్టకి ఎక్కడి నుంచి వస్తుంది.

ఇక్కడ ఇంకో మాట. మొదటి ఏడాది మా రెండు గదుల్లో ఒక్క ఆడమనిషి వస్తువు లేదు, ఒక టీచరమ్మ పిల్లల్ని తీసుకొచ్చి అడిగేదాకా మాకెవరికీ తట్టలేదు. మన దేశంలో ఆడవాళ్లు ఒకప్పుడు బాయిల్లో కింద కూడా పనిచేశారు, ఆ తర్వాత అండర్‌గ్రౌండ్ పని వాళ్లకి బంద్ అయింది, 1952 మైన్స్ యాక్ట్ కూడా దాన్ని బంద్‌గానే ఉంచింది, మళ్లీ 2019లో గానీ పర్మిషన్ రాలేదు. పైన మాత్రం బొగ్గులోంచి రాయి ఏరే పని ఆడవాళ్లు చేశారు. ఇక ఇంటి పని సంగతి, మూడు షిఫ్టుల ఇంట్లో పొయ్యి ఆరేది లేదు, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చినాయన పగలు పడుకోవాలంటే పిల్లల్ని చప్పుడు కాకుండా పెంచాలి, బొగ్గు బట్టలు విడిగా ఉతకాలి. ఇప్పుడు ఒక గోడ మొత్తం వాళ్లకే ఇచ్చాం, సద్ది గిన్నె, బట్టలుతికిన బండ, షిఫ్టుల టైం బొగ్గుతో గీసుకున్న తలుపు చెక్క. ఆ తలుపు చెక్క మా దగ్గర ఉన్నవాటిల్లో నాకు అన్నిటికంటే ఇష్టం, దాని మీద గాజు బిగించాం గానీ తుడవలేదు, ఆ బొగ్గు గీతలు వేలు తగిలితే పోతాయి.

టెక్నికల్ విషయాలకి వస్తే, బొగ్గు బాయి వస్తువుల్లో నిజంగా డేంజర్ క్యాప్ ల్యాంప్ బ్యాటరీలు. పాతవి లెడ్ యాసిడ్‌వి, అటక మీద ఏళ్ల తరబడి పడి ఉంటే కారతాయి, ఆ యాసిడ్ బెల్టు తోలుని, పక్కనున్న ఇనుముని, కింద షెల్ఫుని కూడా తినేస్తుంది. మాకు వచ్చినవాటిల్లో సగం పైనే కారినవి. గ్లవ్స్ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వంటసోడా నీళ్లతో యాసిడ్‌ని చల్లార్చి, బ్యాటరీని ల్యాంప్ నుంచి విడదీసి ప్లాస్టిక్ ట్రేలో వేరే గదిలో పెట్టాలి. లెడ్ విషం కాబట్టి పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. షోకి పెట్టిన ల్యాంప్‌కి ఖాళీ డబ్బా చాలు, ఆ విషయం లేబుల్ మీద నిజాయితీగా రాస్తే సరిపోతుంది. గ్యాస్ టెస్ట్ చేసే సేఫ్టీ ల్యాంప్ ఒకటి ఉంది మా దగ్గర, మీథేన్ ఉంటే లోపలి మంట మీద నీలం టోపీ లాగా లేస్తుంది, ఆ టోపీ ఎత్తు చూసి ఎంత గ్యాస్ ఉందో చెప్పేవాళ్లు. ఒకసారి వెలిగించి చూపించండి సార్ అని అందరూ అడుగుతారు. గాజు, జాలీ, వాషర్లు అన్నీ పాతవి, నేను వెలిగించనివ్వను, మంట ఎలా మారుతుందో బొమ్మ గీసి పెట్టాం.

రెండో పెద్ద తప్పు మ్యాప్. చెప్పాలంటేనే బాధగా ఉంది. ఒక రిటైర్డ్ సర్వేయర్ ఇంటి నుంచి పాత బాయి ప్లాన్ ఒకటి వచ్చింది, ట్రేసింగ్ క్లాత్ మీద సిరాతో గీసింది, లోపలి దారులు, తవ్వేసిన చోట్లు, బొగ్గు వదిలేసిన స్తంభాలు అన్నీ చేత్తో వేసినవి. నేను ఊళ్లో లేను, చినిగిపోతుందేమో అని మంచి మనసుతోనే ఎవరో తీసుకెళ్లి లామినేషన్ చేయించారు. ఆ క్లాత్‌కి గంజి లాంటి పూత ఉంటుంది, వేడికి, ప్లాస్టిక్ జిగురుకి అది ముడతలు పడి సిరా కొన్నిచోట్ల ప్లాస్టిక్‌కి అంటుకుంది, ఇప్పుడు విప్పితే గీతలు ప్లాస్టిక్‌తో పాటు లేచి వస్తాయి. తడి తగిలినా అంతే, ఆ పూత కరిగి క్లాత్ మామూలు గుడ్డలా అయిపోతుంది. పాత మ్యాపుని లామినేట్ చేయకండి, మడత పెట్టకండి, పరిచి పెట్టే చోటు లేకపోతే లావుపాటి గొట్టానికి తెల్లటి కాటన్ గుడ్డ చుట్టి దాని మీద బొమ్మ బయటికి వచ్చేలా చుట్టి పెట్టండి, ఆ పని కూడా ఫోటోలు తీశాకే.

బాయి ప్లాన్‌ని నేను మిగతా కాగితాల్లో ఒక కాగితంగా చూడలేను. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ అనే బాయిలో నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు, 1975 డిసెంబర్‌లో ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 375 మంది పోయారు, అది కూడా నీళ్లే. పాత తవ్వకాల్లో నీళ్లు నిండి ఉంటాయి, కొత్త తవ్వకం వాటికి ఎంత దగ్గరగా వెళ్తోందో చెప్పేది ప్లానే. అందుకే బాయి మూసేటప్పుడు ప్లాన్ ప్రభుత్వానికి అప్పజెప్పాలని చట్టమే ఉంది. ఇళ్లల్లో ఉన్నవి కాపీలే కావొచ్చు, అయినా మీ దగ్గరికి ప్లాన్ ఏదైనా వస్తే స్కాన్ తీసి ఏరియా సర్వే ఆఫీసుకి ఒక కాపీ ఇవ్వండి, మేం ఇప్పుడు అదే చేస్తున్నాం.

రిజిస్టర్లు, యూనియన్ పాంప్లెట్లు, పే స్లిప్పులు, సమ్మె ఫోటోలు చాలా వచ్చాయి. 2011 సకల జనుల సమ్మెలో బాయిలు ఆగిన రోజుల పాంప్లెట్లు ఒక కట్ట ఉంది. పాంప్లెట్ కాగితం నాసిరకం, ఎండ తగిలితే నెలల్లో పసుపెక్కి పెళుసు అవుతుంది, అందుకే అసలువి చీకట్లో పెట్టి కాపీలు గోడకి పెట్టాం. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే, రేకుల షెడ్డు కింద మే నెలలో మనిషే నిలబడలేడు, ఆ తర్వాత వానాకాలం తేమ. ఏసీ పెట్టే స్తోమత లేదు మాకు. కిటికీలకి లోపల మందపాటి పాత చీరల తెరలు, గోడకి బెత్తెడు దూరంగా బీరువాలు, రిజిస్టర్ల బాక్సుల్లో సిలికా జెల్, వానాకాలంలో వారానికోసారి బాక్సులు తెరిచి వెండిచేపల పురుగులు ఉన్నాయా అని చూడటం, ఇంతే. ఈ నాలుగు పనులతో మూడు వానాకాలాలు ఒక్క రిజిస్టర్ కూడా బూజు పట్టలేదు.

టబ్బు గురించి కూడా చెప్పాలి, తక్కువలో చెప్తా. షెడ్డు ముందు పెట్టిన ఇనుప టబ్బుకి ఎవరో దాత సిల్వర్ పెయింట్ వేయించారు, దాంతో కింద గుద్దిన నంబరు పూడిపోయింది. రాత్రిపూట టార్చ్‌ని పక్కనుంచి వాలుగా కొట్టి చూస్తే నీడల్లో అంకెలు కనబడ్డాయి, ఫోటో తీసి రికార్డులో పెట్టాం. పెయింట్ తీయించలేదు, తీస్తే కింద పాత రంగు కూడా పోతుంది.

బయట ఎలా చేస్తున్నారు అని కూడా చూశాం. వేల్స్‌లో బిగ్ పిట్ అని ఒక బాయి 1980లో మూతబడితే 1983లో జనం చూడటానికి తెరిచారు, అక్కడ పనిచేసినవాళ్లే గైడ్లుగా 90 మీటర్లు కిందకి తీసుకెళ్తారు, వాచీ, ఫోన్ లాంటివి పైనే ఇచ్చేయాలి, నిజం బాయిలాగే. నాగ్‌పూర్ దగ్గర సావనేర్‌లో కూడా మైన్ టూరిజం ఉంది, మన దగ్గర 2022లో హైదరాబాద్ నుంచి సింగరేణి దర్శన్ అని ఆర్టీసీ బస్సు టూర్ మొదలుపెట్టారు. కిందకి తీసుకెళ్లడం మా వల్ల అయ్యే పని కాదు, గాలి, పంపులు, రూఫ్ సపోర్ట్ రోజూ చూసుకోవాలి, అది కంపెనీ స్థాయి పని. బిగ్ పిట్ దగ్గర మేం తీసుకున్నది ఒక్కటే, పనిచేసినవాడే చెప్పాలి అన్నది. శని, ఆదివారాలు ఇద్దరు రిటైర్డ్ కార్మికులు కూర్చుంటారు, ఒక్కరు కాదు ఇద్దరు, ఎందుకంటే ఒక్కరే ఉంటే ప్రసంగం అవుతుంది, ఇద్దరుంటే ఒకరు చెప్పింది ఇంకొకరు "అట్ల కాదు బై" అని సరిదిద్దుతారు, అసలు విషయం ఆ సరిదిద్దడంలోనే బయటపడుతుంది. రికార్డింగ్ కూడా అలా ఇద్దరిద్దరినే కూర్చోబెట్టి చేస్తున్నాం, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి.

ఆ రికార్డింగుల్లోంచి మాటలు ఏరి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాం. సర్దార్, ఖలాసీ లాంటివి ఉర్దూ, హిందీ నుంచి, ఫిల్లర్, ట్రామర్, హాలర్ ఇంగ్లిష్ నుంచి, బాయి మనది, ప్లే డే అంటే వారం సెలవు, మస్టర్ అంటే హాజరు. ఒకే పనిముట్టుకి ఇల్లందులో ఒక మాట, గోదావరిఖనిలో ఇంకో మాట. ఎవరు చెప్పారో, ఏ బాయిలో, ఏ పనిలో ఉన్నారో పక్కనే రాస్తున్నాం, ఏది కరెక్ట్ అని మేం తేల్చడం లేదు.

ఇక మిగిలింది గంట. హాలర్ సిగ్నల్ గంట ఒకటి దొరికింది, కింద నుంచి తీగ లాగితే పైన హాలర్ దగ్గర మోగేది, టబ్బులు కదులుతున్నప్పుడు ఒక్కసారి మోగితే ఆపు అని అర్థం. తీగ కట్టి షెడ్డులో పిల్లలు లాగేలా పెట్టాం. మొన్న దసరా రోజు నాన్నని తీసుకొచ్చాను, ఆయనకి చెవులు సరిగా వినబడవు, కుర్చీలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నారు, ఎవరో పిల్లాడు తీగ ఒక్కసారి లాగాడు. నాన్న మాట ఆగిపోయింది, కుడిచెయ్యి దానంతటదే ముందుకి వెళ్లి లేని బ్రేక్ హ్యాండిల్‌ని పట్టుకుని వెనక్కి గుంజింది. ఏంటి నాన్నా అంటే "ఒకటి కొట్టిండు కదరా" అన్నారు. హాలర్ బ్రేక్ హ్యాండిల్ మా దగ్గర లేదు, స్క్రాప్‌లో పోయి ఉంటుంది. ఆయన చెయ్యి ఎంత ఎత్తులో ఆగింది, ఎంత దూరం గుంజింది టేపు పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నా, వచ్చే ఆదివారం ఇంకో ఇద్దరు హాలర్ డ్రైవర్లని కూర్చోబెట్టి వాళ్లవి కూడా కొలవాలి.